ఇంటి గుట్టు ఎవరి సొత్తు?

'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్న సామెత వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్లలో ఉండదు. అత్తింటి మాట పుట్టింట్లో చెప్పకూడదు. పుట్టింటి మాట అత్తింట్లో ఎత్తకూడదు. రెండిళ్ల మాటా వీధిలో అసలే పడకూడదు. ఈ సామెత దృష్టిలో దోషి విభీషణుడు. నాకు మాత్రం ఎప్పుడూ ఒక సందేహం. లంకకు చేటు వచ్చింది గుట్టు బయటపడినందుకా, అశోకవనంలో ఒక స్త్రీని బలవంతంగా బంధించి ఉంచినందుకా? బంధించినవాణ్ణి వదిలేసి, చెప్పినవాణ్ణి పట్టుకుంది మన సామెత.

ఇది ఒక్క ఇంటి సంగతి అయితే జవాబు అంత కష్టం కాదు. కుటుంబం పరువు పేరుతో స్త్రీల నోరు నొక్కడాన్ని మనం చాలాకాలంగా ప్రశ్నిస్తూనే ఉన్నాం. కానీ ఆ ఇంటి చుట్టూ నిజంగానే కాగడాలు పట్టుకుని జనం నిలబడి ఉంటే? ఇంట్లోంచి వచ్చే ఒక్క మాట కోసం వాళ్లు కాచుకుని ఉంటే? దాడికి గురవుతున్న సమూహంలో పుట్టిన స్త్రీ, తన సమూహంలోని పురుషులు చేసే అన్యాయం గురించి అందరికీ వినబడేట్టు మాట్లాడవచ్చా? మాట్లాడితే అది ద్రోహమా? మాట్లాడకపోతే దాన్ని ఏమనాలి?

ఈ ప్రశ్నను నేను యూదు స్త్రీల చరిత్రలో పెట్టి చూడాలనుకుంటున్నాను. ఎందుకంటే అక్కడ రెండువైపులా బరువు సమానంగా కనిపిస్తుంది. శత్రువు ఊహాజనితం కాదు. మౌనం వల్ల జరిగిన నష్టమూ ఊహాజనితం కాదు.

బెర్తా పాపెన్‌హైమ్ పేరు మనలో చాలామందికి తెలియకపోవచ్చు. 'అన్నా ఓ' అంటే మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు గుర్తుపడతారు. బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో అచ్చువేసిన హిస్టీరియా అధ్యయనంలో మొదటి రోగి ఆమే. మాట్లాడించడం ద్వారా చేసే ఆ వైద్యానికి పేరు పెట్టింది కూడా డాక్టరు కాదు, ఆ రోగే. 1953లో ఫ్రాయిడ్ జీవితచరిత్ర రాసిన ఎర్నెస్ట్ జోన్స్ ఆ మారుపేరు వెనక ఉన్న మనిషిని బయటపెట్టాడు. అలా ఒక మనిషి మొత్తం జీవితం ఇరవై ఏళ్ల ప్రాయంలో వచ్చిన జబ్బుగా కుదించుకుపోయింది. ఆ తర్వాత ఆమె బతికిన యాభై ఏళ్ల గురించి స్త్రీవాద చరిత్రకారులు వెతికి రాసేదాకా పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఆమె 1859లో వియన్నాలో, సంప్రదాయం పాటించే సంపన్న యూదు కుటుంబంలో పుట్టింది. 1888లో తల్లితో ఫ్రాంక్‌ఫర్ట్ చేరింది. అక్కడ యూదు బాలికల అనాథాశ్రమం బాధ్యత తీసుకుంది. 1899లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువదించింది. 1904లో యూదు స్త్రీల సమాఖ్యను స్థాపించి ఇరవై ఏళ్లు అధ్యక్షురాలిగా ఉంది. ఆ సంస్థలో సభ్యుల సంఖ్య ఒక దశలో 50 వేల దాకా వెళ్లింది.

ఆమె తలకెత్తుకున్న పనుల్లో అందరూ చెవులు మూసుకున్నది ఒకటుంది. తూర్పు యూరప్‌లోని పేద యూదు బాలికలను బ్యూనస్ ఐరిస్, కాన్‌స్టాంటినోపుల్ వంటి నగరాల వేశ్యాగృహాలకు అమ్మే వ్యాపారం గురించి ఆమె మాట్లాడింది. అమ్ముడుపోయేవాళ్లలోనే కాదు, అమ్మేవాళ్లలో కూడా యూదులున్నారని చెప్పింది. 1903లో గలీషియా ఊళ్లన్నీ తిరిగింది. తర్వాత బాల్కన్ ప్రాంతానికి, పశ్చిమాసియాకు, రష్యాకు వెళ్లింది. ఆ ప్రయాణాల్లో రాసిన ఉత్తరాలను 1924లో పుస్తకంగా తెచ్చినప్పుడు, కొండపైకి రాయి దొర్లిస్తూ ఉండే గ్రీకు పురాణ పురుషుడు సిసిఫస్ పేరు దానికి పెట్టుకుంది. దొర్లించిన రాయి ప్రతిసారీ తిరిగి కిందికే వస్తుందని ఆమెకు తెలుసు.

ఈ వ్యాపారం ఎలా నడిచేదో తెలిస్తే ఆమె మాటలకు ఎందుకంత కోపం వచ్చిందో అర్థమవుతుంది. గలీషియాలో పేదరికం ఎక్కువ. కట్నం ఇవ్వలేని తండ్రులు ఎక్కువ. మగపిల్లలు మత పాఠశాలకు వెళ్లేవారు, ఆడపిల్లలకు అంతపాటి చదువు కూడా ఉండేది కాదు. అలాంటి ఇంటికి విదేశం నుంచి మంచి బట్టలు వేసుకుని ఒకడు వస్తాడు, కట్నం వద్దంటాడు. ఇద్దరు సాక్షుల ముందు మతాచారం ప్రకారం పెళ్లి అయిపోతుంది. ప్రభుత్వ రికార్డుల్లో ఆ పెళ్లి ఉండదు. ఓడ దిగాక ఆ పిల్లకు భర్తా లేడు, భార్యగా హక్కూ లేదు.

దీనికి తోడు 'అగునా' సమస్య. అగునా అంటే కట్టివేయబడిన స్త్రీ. యూదు మతచట్టం ప్రకారం 'గెట్' అనే విడాకుల పత్రం ఇవ్వాల్సింది భర్తే. అతను ఇవ్వకపోయినా, యుద్ధంలోనో వలసలోనో ఆచూకీ లేకుండా పోయినా ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వేరొకరితో బిడ్డను కంటే ఆ బిడ్డకు, ఆ బిడ్డ సంతానానికి సాటి యూదులతో వివాహం నిషిద్ధం. పెళ్లి కాని స్త్రీతో భర్త కన్న బిడ్డకు మాత్రం ఆ మచ్చ లేదు. సుమారు వెయ్యేళ్ల కిందట రబ్బీ గెర్షోమ్ పేరుతో వచ్చిన కట్టుబాటు, భార్య ఇష్టం లేకుండా విడాకులివ్వడాన్నీ, బహుభార్యత్వాన్నీ నిషేధించి కొంత మేలు చేసింది. అయినా తాళంచెవి భర్త చేతిలోనే మిగిలింది. అమెరికాకు వలస వెళ్లి మాయమైన భర్తల ఫొటోలను న్యూయార్క్ యిద్దిష్ పత్రిక 'ఫోర్వర్ట్స్' వరసగా అచ్చువేసేదంటే ఆ కాలంలో ఎంతమంది భార్యలు అలా వేలాడుతూ ఉండిపోయారో ఊహించుకోవచ్చు. తినడానికి తిండి లేక, పెళ్లికి దారి లేక ఉన్న స్త్రీ దళారీ చేతికి చిక్కడం సులువు. బెర్తా రబ్బీలను అడిగింది ఇదే. చట్టంలోనే బోను ఉన్నప్పుడు అందులో పడ్డ ఆడదాన్ని మాత్రమే ఎందుకు నిందిస్తారు?

ఆమెకు వచ్చిన జవాబు మనకు బాగా తెలిసిన జవాబే. ఇదంతా అతిశయోక్తి అన్నారు. నిజమే అయినా బయట చెప్పకూడదన్నారు. యూదు ద్వేషుల చేతికి కత్తి అందిస్తున్నావన్నారు.

ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆమె గలీషియా వెళ్లిన 1903లోనే కిషినేవ్‌లో యూదుల ఊచకోత జరిగింది. యూదు సంప్రదాయంలో తమవాళ్లను పరాయి పాలకుడికి పట్టిచ్చేవాడు అందరికంటే పెద్ద పాపి. ఎందుకంటే ఆ పాలకుడి న్యాయస్థానంలో ఒకడి నేరం ఒకడితో ఆగేది కాదు, వీధి వీధంతా మూల్యం చెల్లించేది. భయం నుంచి పుట్టిన నీతి అది. 1925లో వచ్చిన తన పుస్తకంలో హిట్లర్ వియన్నా వేశ్యావ్యాపారాన్ని యూదులకు అంటగట్టాడు. అంటే కత్తి గురించి హెచ్చరించినవాళ్లు అబద్ధం చెప్పలేదు.

అయితే ఆ కత్తికి పదును పెట్టింది బెర్తానా? ఆమె సమాఖ్య పుట్టడానికి పన్నెండేళ్ల ముందే, 1892లో, లెంబర్గ్ నగరంలో 27 మంది దళారులపై విచారణ జరిగింది. యూదు వ్యతిరేకులు అప్పుడే దాన్ని వాడుకున్నారు. ద్వేషించేవాళ్లు నిజం కోసం ఎదురుచూడరు. నిజం దొరక్కపోతే అబద్ధం అల్లుకుంటారు. మౌనంగా ఉంటే ద్వేషం ఆగుతుందన్నది ఆశ మాత్రమే. ఆ ఆశకు కట్టిన వెల మాత్రం ఖచ్చితమైనది. ఓడలో ఎక్కించిన పిల్ల కట్టిన వెల అది.

'ఇప్పుడు సమయం కాదు' అన్నది ఇంకో మాట. అణచివేతలో ఉన్న సమూహానికి మంచి సమయం ఎప్పుడొస్తుంది? హింస జరుగుతుంటే హింస జరుగుతోంది కాబట్టి వద్దంటారు. హింస తగ్గితే మళ్లీ మొదలవుతుందేమో కాబట్టి వద్దంటారు. స్త్రీల న్యాయానికి మాత్రమే ముహూర్తం కావాలి.

'లోపల చెప్పండి, బయట కాదు' అన్నది మూడో మాట. ఇది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లోపల ఆమెకు చోటేది? 1919 జనవరిలో జర్మనీ స్త్రీలు మొదటిసారి జాతీయ ఎన్నికల్లో ఓటు వేశారు. అదే దేశంలో చాలాచోట్ల యూదు స్త్రీకి తన సొంత యూదు సంఘం ఎన్నికలో ఓటు లేదు! దేశాన్ని ఎవరు పాలించాలో చెప్పగలదు, తన ప్రార్థనామందిరం డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో చెప్పలేదు. దానికోసం బెర్తా సంస్థ ఏళ్లకేళ్లు పోరాడాల్సి వచ్చింది. లోపల నోరు లేనివాళ్లను లోపలే మాట్లాడమనడం అంటే మాట్లాడవద్దనడమే.

సంప్రదాయం కూడా ఈ విషయంలో ఒక్క గొంతుతో మాట్లాడదు. చాడీలు చెప్పడం ఘోరపాపమని యూదు ధర్మం అంటుంది. లిథువేనియా ప్రాంతానికి చెందిన రబ్బీ ఇస్రాయెల్ మెయిర్ కాగన్ 1873లో దీనిమీద ఒక పుస్తకమే ప్రచురించాడు. దానికి మూలమైన ఆజ్ఞ లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయం, పదహారో వచనంలో ఉంది. ఆ వచనం సగంలో చాడీలు మోయవద్దని ఉంటే, మిగతా సగంలో పొరుగువాడి నెత్తురు కారుతుంటే చూస్తూ నిలబడవద్దని ఉంది. నోరు మూసుకో అన్న ఆజ్ఞా, ఊరుకోకు అన్న ఆజ్ఞా ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉన్నాయి. మగవాళ్ల సభలు మొదటి సగాన్ని స్త్రీలకు బాగా నేర్పాయి. బెర్తా రెండో సగాన్ని చదివి వినిపించింది. సంఖ్యాకాండంలో సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు తండ్రి ఆస్తిలో వాటా అడిగింది చాటుమాటుగా కాదు. మోషే ఎదుట, పెద్దలందరి ఎదుట, గుడారం గుమ్మంలో నిలబడి అడిగారు. వాళ్ల మాట న్యాయమైనదని దేవుడే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత కొన్ని అధ్యాయాలకే వాళ్ల గోత్రం పెద్దలు వచ్చి, ఆస్తి బయటికి పోకుండా గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలన్న షరతు సాధించుకున్న సంగతి కూడా మరచిపోకూడదు. అడిగి తెచ్చుకున్న హక్కుకు వెంటనే పగ్గం వేయడం కొత్తేమీ కాదు.

బెర్తా చేసిన మరో పని ఈ చర్చలో చాలా ముఖ్యమని నాకు అనిపిస్తుంది. పదిహేడో శతాబ్దంలో పుట్టిన గ్లూకెల్ అనే వ్యాపారి, భర్త పోయిన దుఃఖంలో 1691లో తన పిల్లల కోసం యిద్దిష్‌లో ఆత్మకథ మొదలుపెట్టింది. పద్నాలుగు మంది పిల్లల్ని కన్న ఆ తల్లి, ముత్యాల బేరాలు, కూతుళ్ల పెళ్లిళ్లు, మనుషుల మోసాలు, దేవుడితో గొడవలు అన్నీ రాసుకుంది. దాన్ని బెర్తా 1910లో జర్మన్‌లోకి అనువదించింది. గ్లూకెల్ వంశంలో తానూ ఒకతెనని ఆమెకు గర్వం. ఆమె వేషం వేసుకుని చిత్రపటం కూడా గీయించుకుంది. తరతరాలుగా యూదు స్త్రీలు ఇంట్లో చదువుకున్న యిద్దిష్ బైబిలు కథలను కూడా తెచ్చి అచ్చువేయించింది. హీబ్రూ పండితులు వంటింటి భాషగా చిన్నచూపు చూసిన భాష అది. అంటే ఇంటి అవమానాన్ని బయటపెట్టిన చెయ్యే ఇంటి సంపదనూ బయటికి తెచ్చింది. మొదటిదాన్ని ద్రోహమనీ రెండోదాన్ని సేవ అనీ విడదీసినవాళ్లకు, ఆ రెండూ ఒకే మనిషి ఒకే కారణంతో చేసిన పనులని అర్థం కాలేదు. మా ఇంట్లో స్త్రీలు ఉన్నారు, వాళ్లకు చరిత్ర ఉంది, గాయాలు ఉన్నాయి అని చెప్పడమే ఆ కారణం.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. బెర్తాను చూసి మనం ఒక సూత్రం తయారుచేసుకోవచ్చు. తన సమూహాన్ని ప్రేమించిన స్త్రీకి, దానికోసం జీవితం ధారపోసిన స్త్రీకి విమర్శించే హక్కు ఉంటుంది అని. వినడానికి అందంగానే ఉంది కానీ నేను దీన్ని ఒప్పుకోలేను. రాకెల్ లీబర్‌మన్ అడ్డం వస్తుంది.

రాకెల్ 1922లో అర్జెంటీనా చేరిన యూదు స్త్రీ. భర్త చనిపోయాడు, పిల్లలు చిన్నవాళ్లు. బ్యూనస్ ఐరిస్‌లో యూదు దళారులు 'జ్వి మిగ్దాల్' అనే సంఘం పేరుతో పరస్పర సహాయం ముసుగులో వ్యాపారం నడిపేవారు. ఆమె వాళ్ల చేతుల్లో పడింది. డబ్బు కూడబెట్టి విడిపించుకుని బతుకుతెరువు చూసుకుంటే మళ్లీ మోసం చేసి దోచుకున్నారు. 1929 డిసెంబర్ 31న ఆమె పోలీసులకు ఫిర్యాదు చేసింది. 1930లో వందమందికి పైగా విచారణకు చిక్కారు. 1931 మొదట్లో పైకోర్టు చాలామందిని వదిలేసింది కానీ ఆ సంఘం మాత్రం తిరిగి లేవలేదు. రాకెల్ 1935లో చనిపోయింది.

బ్యూనస్ ఐరిస్ యూదు సమాజం ఈ వ్యాపారాన్ని కప్పిపుచ్చలేదు. దళారులను 'అపవిత్రులు' అని వెలివేసింది, తమ శ్మశానంలో చోటు ఇవ్వలేదు. ఇది మెచ్చుకోవాల్సిన తెగువే. కానీ అమ్మినవాడికి పడిన పేరే అమ్ముడుపోయిన ఆడదానికీ పడింది. ఆమె కూడా అపవిత్రురాలే. ఆమెకూ ప్రార్థనామందిరం లేదు, శ్మశానం లేదు. అలాంటి రాకెల్‌ను, పోలీసుల దగ్గరికి వెళ్లేముందు నీ జాతి గౌరవం గురించి ఆలోచించావా అని అడగగలమా? నీకు నీవాళ్లమీద ప్రేమ ఉందా అని పరీక్ష పెట్టగలమా? ఇంట్లో వాటా ఇవ్వని వాళ్లకు గుట్టు కాపాడమని అడిగే హక్కు లేదు. గుట్టు ఇంటి ఆస్తి అయితే, ఆ ఆస్తిలో ఆమెకూ భాగం ఉండాలి కదా.

ప్రేమ పరీక్ష ఎలా ఉంటుందో హన్నా అరెంట్ విషయంలో చూశాం. 1963లో ఆమె ఐక్‌మన్ విచారణ గురించి రాసినప్పుడు, యూదు మండళ్ల పెద్దలు నాజీలకు సహకరించిన తీరును కటువుగా విమర్శించింది. పాత మిత్రుడు, గొప్ప పండితుడు గెర్షోమ్ షోలెమ్ ఆమెకు ఉత్తరం రాశాడు. నువ్వు మన జాతి బిడ్డవే, కానీ నీలో మన ప్రజలమీద ప్రేమ కనిపించడం లేదని బాధపడ్డాడు. తాను ఏ జాతినీ, ఏ సమూహాన్నీ ప్రేమించలేదనీ, ప్రేమించేది స్నేహితులనేననీ ఆమె జవాబిచ్చింది. తనవాళ్లు చేసిన తప్పు పరాయివాళ్ల తప్పుకంటే తనను ఎక్కువ బాధిస్తుందని కూడా చెప్పింది. మగ మేధావికి 'నువ్వు మన జాతి బిడ్డవి' అన్న సంబోధన ఇంత తేలిగ్గా వస్తుందా అని నాకు అనుమానం. కూతురు అన్న మాటలో లాలన ఎంత ఉందో అదుపూ అంతే ఉంది.

అయితే అరెంట్‌ను సమర్థించడం అంటే ఆమె రాసిందంతా సరైనదని కాదు. మండళ్ల చరిత్ర ఊరికో రకంగా, మనిషికో రకంగా ఉందని 1972లో వచ్చిన ఐజయా ట్రంక్ విస్తృత పరిశోధన చూపించింది. తుపాకి నీడలో నిలబడ్డ మనుషుల గురించి ఆమె తీర్పు తొందరపడింది, ఆమె స్వరం బతికి బయటపడినవాళ్లను గాయపరిచింది. ఆమె లోటు ప్రేమలో కాదు, వివరంలో ఉంది. విమర్శకురాలిని అడగాల్సింది నీకు ప్రేమ ఉందా అని కాదు. నువ్వు చెప్పేది నిజమేనా, ఎవరికి ఎంత బాధ్యత ఉందో విడదీసి చెప్పావా అని. గలీషియా ఊళ్లు తిరిగి, ఆస్పత్రుల్లో పడుపు ఇళ్లలో పిల్లల్ని కలిసి రాసిన బెర్తా ఈ పరీక్షకు నిలుస్తుంది. కాగడాలవాళ్లు చుట్టూ ఉన్నప్పుడు నిజం చెప్పకూడదన్నది నియమం కాకూడదు. నిజాన్ని రవ్వంత కూడా పెంచి చెప్పకూడదన్నది మాత్రం నియమం కావాలి.

ఇంతవరకూ చెప్పేవాళ్ల నీతి గురించి మాట్లాడాం. వినేవాళ్ల నీతి సంగతేమిటి? మన దేశంలో 1985లో షాబానో తీర్పు వచ్చినప్పుడు ముస్లిం స్త్రీల కష్టం పట్ల ఒక్కసారిగా సానుభూతి పొంగినవాళ్లలో ఆ మతాన్ని ద్వేషించేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ ఒత్తిడి మధ్య షాబానోయే తనకు అనుకూలంగా వచ్చిన తీర్పును కాదనాల్సి వచ్చింది. 2003లో 'నల్లపొద్దు' వచ్చాక దళిత స్త్రీల గొంతును మన సాహిత్య సభల్లో చాలామంది మెచ్చుకున్నారు. అగ్రవర్ణాల గురించి ఆ గొంతు అన్నదాన్ని దాటేసి, దళిత పురుషుల గురించి అన్నదాన్నే పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మరొకరి ఇంటి గుట్టు విన్నప్పుడు మనం ఏం చేస్తున్నామన్నది కూడా ఒక నైతిక ప్రశ్నే. ఆ మాట చెప్పిన స్త్రీకి తోడుగా నిలబడుతున్నామా, ఆమె ఇంటిమీద వేయడానికి రాయిగా వాడుకుంటున్నామా? బెర్తా సంస్థ 1907 నుంచి జర్మన్ స్త్రీ సంఘాల సమాఖ్యలో భాగంగా ఉంది. ఇరవై ఆరేళ్లు కలిసి పనిచేసిన ఆ అక్కాచెల్లెళ్ల నుంచి 1933లో యూదు స్త్రీలు విడిగా బయటికి నడవాల్సి వచ్చింది. అప్పటిదాకా విన్న కథలన్నిటికీ తోడు ఎవరూ రాలేదు.

మాట్లాడితే ఏ నష్టమూ ఉండదని నేను అనడం లేదు. ఉంటుంది. కొన్నిసార్లు ఆ నష్టం మాట్లాడినవాళ్లకు కాకుండా ఏ పాపమూ ఎరగనివాళ్లకు జరుగుతుంది. నేను అనేది ఒక్కటే. మౌనం వల్ల జరిగే నష్టాన్ని కూడా అదే తక్కెడలో వేసి తూచమని. ఇన్నాళ్లూ ఒక పళ్లెంలోనే బరువు వేసి, రెండో పళ్లెం ఖాళీ అని చెబుతూ వచ్చారు. ఆ పళ్లెంలో ఉన్నవాళ్లకు పేర్లు లేవు కాబట్టి ఖాళీగా కనిపించింది. అగునా సమస్య ఇప్పటికీ తీరలేదు. విడాకులివ్వని భర్తల లైసెన్సులు, పాస్‌పోర్టులు ఆపే అధికారాన్ని ఇజ్రాయెల్ 1995లో చట్టం ద్వారా రబ్బీల కోర్టులకు ఇచ్చింది. ఆ కాస్త మార్పు కూడా మౌనంగా ఉన్నందువల్ల రాలేదు.

1907లో బెర్తా ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర నాయి ఈజెన్‌బుర్గ్‌లో ఒక ఇల్లు పెట్టింది. పెళ్లి కాకుండా తల్లులైనవాళ్లకు, దళారుల నుంచి తప్పించుకున్నవాళ్లకు, ఎవరూ దగ్గరికి రానివ్వని పిల్లలకు అది నీడ. అక్కడ శుక్రవారం సాయంత్రం సబ్బాతు దీపం వెలిగేది, మిగతా ఇళ్లలో వెలిగినట్టే. ఇంటి గుట్టు రట్టు చేసిందని పేరుపడ్డ స్త్రీ, గుట్టు పేరుతో గెంటివేయబడ్డవాళ్లకు ఇల్లు కట్టింది. 1936లో, చనిపోవడానికి కొద్ది వారాల ముందు, గెస్టపో ఆమెను పిలిపించి ప్రశ్నించింది. ఆ ఇంట్లో ఒక అమ్మాయి హిట్లర్ గురించి అన్న మాటకు జవాబు చెప్పుకోవడానికి జబ్బుతో ఉన్న మనిషి మంచం దిగి వెళ్లింది. 1938 నవంబర్ 10న గుంపు ఆ ఆశ్రమంలో ఒక భవనాన్ని తగలబెట్టింది. 1942లో మిగిలినవాళ్లను తీసుకుపోయి దాన్ని మూసేశారు. తగలబెట్టినవాళ్లకు ఆమె వ్యాసాలతో పనిలేదు. ఆ పిల్లలకు మాత్రం ముప్పై ఏళ్లకు పైగా ఆ వ్యాసాలవల్లే తలదాచుకునే చోటు దొరికింది.